‘మావాడు మీ దగ్గరికొచ్చాడా?’: బెంగళూరులో విద్యార్థి సలహా కేంద్రం నడిపేవాళ్ళు గుట్టు కాపాడడం ఎలా

బెంగళూరులో మన పిల్లల కోసం సలహా కేంద్రం పెట్టేవాళ్ళకు మొదట్లో ఒక ధైర్యం ఉంటుంది. ఊరికి ఇంత దూరం వచ్చాం, ఇక్కడ ఎవరికెవరు తెలుసు, విన్నది బయటికెలా పోతుంది అని. కానీ అనంతపురం, కడప, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి వచ్చిన పిల్లలకు ఈ ఊరు దూరమే కాదు. శుక్రవారం రాత్రి మెజెస్టిక్‌లో బస్సెక్కితే తెల్లవారేసరికి ఇంటి దగ్గర దిగుతారు. వాళ్ళ సంగతులు అంతకంటే ముందే దిగుతాయి. మారతహళ్ళిలో పీజీ నడిపేది నెల్లూరాయన, మెస్సులో వంట చేసేది మదనపల్లె ఆయన, పక్క రూములో ఉండే సీనియర్‌కి వీళ్ళ మేనమామ ఊళ్ళోనే చుట్టరికం. ఎక్కడో ఒక దగ్గర ముడి పడుతుంది.

కాలేజీ విద్యార్థి సంఘం తరఫునో, తెలుగు సంఘం తరఫునో, పూర్వ విద్యార్థులంతా కలిసో శని, ఆదివారాల్లో ఒక గది తీసుకుని సలహాలు చెప్పేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. వచ్చే సమస్యలు మీకు తెలిసినవే. బ్యాక్‌లాగులు, డిటెయిన్ అయిన సంగతి ఇంట్లో చెప్పకపోవడం, పీజీ అడ్వాన్సు తిరిగి ఇవ్వకపోవడం, ర్యాగింగ్, లోన్ యాప్‌లు, ప్రేమ గొడవలు, బతకాలనిపించడం లేదనే మాట. మీరు డాక్టరు కాకపోవచ్చు, లాయరూ కాకపోవచ్చు. అయినా ఆ పిల్లవాడు ఇంట్లో చెప్పుకోలేనిది మీకు చెప్పాడు. నేను చూసినంతలో అది బయటికి పొక్కేది ఎక్కువగా మంచివాళ్ళ వల్లే. మంచి మనసుతో అడిగినవాళ్ళకు మంచి మనసుతోనే ఎవరో ఒకరు చెప్పేస్తారు. అందుకే తాళాలు, పాస్‌వర్డుల సంగతి కొద్దిగా రాసి, ఎవరికి ఏమని జవాబు చెప్పాలన్నది ఎక్కువగా రాశాను.

1. మీ మనిషి ఎవరో ముందే తేల్చుకోండి

ఫీజు కట్టేది తండ్రి. గది ఇచ్చింది సంఘం. పంపించింది లెక్చరరో సీనియరో. వీళ్ళందరికీ తెలుసుకునే హక్కు ఉందనే అనిపిస్తుంది. లేదు. మీ ఎదురుగా కూర్చున్న విద్యార్థి ఒక్కరే మీ మనిషి. పద్దెనిమిది నిండితే మేజరు. ఫీజు ఎవరు కట్టినా అది మారదు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనంతో చెప్పింది. ఆ కేసు వేసిన పుట్టస్వామి కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా చేసి రిటైరైనవారే.

ఈ మాట సంఘం పెద్దలతో మొదటి రోజే మాట్లాడి కాగితం మీద పెట్టుకోండి. తర్వాత ఎవరైనా చందా ఇచ్చిన పెద్దాయన, “మా డబ్బుతోనే కదా నడుస్తోంది, ఎవరెవరు వచ్చారో లిస్టు ఇవ్వండి, మనమే సాయం చేద్దాం” అంటారు. నిజంగానే సాయం చేయాలనే అంటారు. ఆయనకు నెలలో ఎంతమంది వచ్చారు, ఏ రకం సమస్యలు అన్నంతవరకే ఇవ్వండి. ఆ అంకెలు కూడా కాలేజీల వారీగా విడగొట్టకండి. ఫలానా కాలేజీ నుంచి ఒకరు, లోన్ యాప్ సమస్య అని రాస్తే పేరు రాసినట్టే.

2. వాళ్ళు నోరు విప్పకముందే మీరు చెప్పాల్సింది

“ఎవరికీ చెప్పవు కదా అన్నా?” అని అడుగుతారు. “ఒట్టు, చచ్చినా చెప్పను” అనేయడం చాలా తేలిక. అనకండి. ఆ మాట అన్ని వేళలా నిలబెట్టుకోలేరు. నిలబెట్టుకోలేనిది ముందే చెప్పేయడమే పద్ధతి. ఇలా చెప్పొచ్చు:

“తమ్ముడూ, నువ్వు చెప్పేది మా దగ్గరే ఉంటుంది. మీ ఇంట్లోవాళ్ళు అడిగినా, కాలేజీవాళ్ళు అడిగినా చెప్పం. మూడు విషయాల్లో మాత్రం నేను ఆగలేను. నీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పుందనిపిస్తే సాయానికి ఎవరినైనా పిలుస్తాను. పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళ మీద లైంగికంగా ఏదైనా జరిగిందని తెలిస్తే చట్టప్రకారం పోలీసులకు చెప్పాలి. కోర్టు ఆర్డరిస్తే కాదనలేను. ఏదొచ్చినా వీలైనంతవరకు ముందు నీకే చెప్తాను. సరేనా? ఇప్పుడు చెప్పు.”

అమ్మాయి అయితే చెల్లీ అనండి, పేరు పెట్టి పిలవండి, మీ వయసును బట్టి ‘మీరు’ అనండి. మాట మాత్రం ఇదే ఉండాలి, ప్రతిసారీ ఉండాలి.

రెండో షరతు దగ్గర కాస్త ఆగాలి. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో చేరేవాళ్ళలో చాలామందికి ఇంకా పదిహేడే. పోక్సో చట్టం, 2012లో 19వ సెక్షను ప్రకారం పద్దెనిమిది లోపు వాళ్ళ మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనుమానం ఉన్నా పోలీసులకు చెప్పాల్సిన బాధ్యత ఎవరిమీదైనా ఉంటుంది. చెప్పకపోతే 21వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ. సలహా చెప్పేవాళ్ళకు మినహాయింపు లేదు. పదిహేడేళ్ళ అమ్మాయి ఇష్టపడే సంబంధం పెట్టుకున్నా చట్టం దాన్ని ఇష్టంగా లెక్కపెట్టదు. ఇది ఆ అమ్మాయికి తెలియదు. మీరు ముందే చెప్పకపోతే ఆమె అంతా చెప్పేశాక, మీరు పోలీసుల మాట ఎత్తాల్సి వస్తుంది. అంతకంటే నమ్మకద్రోహం ఆమెకు ఇంకొకటి కనిపించదు. అందుకని వయసు మొదట్లోనే అడగండి. మీ షరతు విన్నాక తన సంగతి చెప్పాలా మానాలా అన్నది ఆమె ఇష్టం.

మైనరు గర్భవతి అయితే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి పంపండి. అలాంటప్పుడు ఆ పిల్ల, ఆమె సంరక్షకులు కోరితే డాక్టరు పోలీసులకిచ్చే సమాచారంలో పేరు, వివరాలు చెప్పనక్కర్లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో చెప్పింది. ఆ వెసులుబాటు డాక్టర్లకు, మీకు కాదు.

మూడో షరతు గురించి ఒక ముక్క. లాయరుకి క్లయింటు చెప్పిన మాటను సాక్ష్య చట్టం కాపాడుతుంది. సలహాదారుకి, కౌన్సెలరుకి అలాంటి రక్షణ చట్టంలో రాసి లేదు. కోర్టు పిలిస్తే వెళ్ళాలి.

3. ‘మీదే ఊరు?’ అనడం మానుకోండి

ఇది మనవాళ్ళకు చాలా కష్టం. కొత్త మనిషి కనబడగానే ఊరు అడుగుతాం, ఇంటిపేరు అడుగుతాం, “ఫలానా వాళ్ళు మీకేమవుతారు?” అంటాం. కొందరు ఇంకో అడుగేసి “మీరేమిట్లు?” అని కులం కూడా అడుగుతారు. ప్రేమతో కలుపుకోవడానికే అడుగుతాం. కానీ ఈ మూడు జవాబులు చాలు, ఆ పిల్లవాడి ఇల్లు ఎక్కడుందో మీ చుట్టాల్లో ఎవరో ఒకరు చెప్పేయగలరు. అవతల కూర్చున్నవాడికీ ఆ సంగతి తెలుసు. ఊరి పేరు చెప్పగానే మీ ముఖంలో వెలుగు చూస్తే చాలు, ఇక అసలు సంగతి చెప్పడు. ‘నాకు కడుపులో నొప్పి’ లాంటి చిన్న సమస్య ఒకటి అల్లి చెప్పి వెళ్ళిపోతాడు.

వాలంటీర్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఈ ఒక్కటీ అద్దంలో చూసుకుని సాధన చేయించినా తప్పులేదు. “రండి, కూర్చోండి. టీ తాగుతారా? ఏ సంవత్సరం?” ఇంతే. పని కోసం ఊరు కావాలంటే, ఉదాహరణకు స్కాలర్‌షిప్పుకి ఆదాయ సర్టిఫికెట్టు ఏ తహసీల్దారు ఇవ్వాలో చెప్పాలంటే, అప్పుడు అడగండి.

మాటల్లో చుట్టరికమో ఊరి సంబంధమో బయటపడితే దాచొద్దు. “చూడమ్మా, మీ ఊళ్ళో మావాళ్ళున్నారు. నా నోట్లోంచి పోదు గానీ, నీకు ఇబ్బందైతే ఇంకొకరితో మాట్లాడొచ్చు” అని అక్కడే చెప్పి, ఆమె కోరితే మార్చేయండి.

4. ఎక్కడ కూర్చుంటారు

తెలుగులో గుసగుసలాడితే ఎవరికర్థమవుతుందిలే అనుకోవడం బెంగళూరులో పనికిరాదు. ఆటో ఆయనకు వచ్చు, దర్శినిలో, అంటే నిలబడి తినే చిన్న హోటల్లో, టోకెన్లిచ్చే ఆయనకు వచ్చు, సెక్యూరిటీ గార్డుకి వచ్చు. “రా బ్రో, కాఫీ తాగుతూ మాట్లాడుకుందాం” అని దర్శినికి తీసుకెళ్తే, నిలబడి తినే ఆ చిన్న గుండ్రటి బల్ల మీద మీ గ్లాసు పక్కనే ఇంకొకరి ఇడ్లీ ప్లేటు ఉంటుంది. ఆయన చెవులు మూసుకుని తినడు కదా.

గది తలుపు బయట ఒక ఫ్యాను పెడితే ఆ శబ్దంలో మాటలు బయటికి అంత స్పష్టంగా వినబడవు. అద్దాల క్యాబిన్ అయితే విద్యార్థి వీపు అద్దం వైపు ఉండేలా కుర్చీ వేయండి; ఏడ్చేవాళ్ళ ముఖం దారిన పోయేవాళ్ళకు కనబడకూడదు. ఒకరికీ ఇంకొకరికీ మధ్య పావుగంట ఖాళీ ఉంచండి, గుమ్మంలో ఎదురుపడకుండా.

బోర్డు మీద ‘కౌన్సెలింగ్’ అని రాయకండి. అదే బల్ల దగ్గర స్కాలర్‌షిప్పు ఫారాలు, బస్ పాస్ వివరాలు, పీజీ అగ్రిమెంటు చూసిపెట్టడం కూడా పెట్టండి. అప్పుడు ఎవరు లోపలికి వెళ్ళినా ఎందుకెళ్ళారో బయటివాళ్ళు ఊహించలేరు. మేం చూసిన ఉపాయాల్లో ఖర్చు లేనిది, బాగా పనిచేసేది ఇదే.

అపార్ట్‌మెంటు క్లబ్‌హౌసులో గది దొరికింది కదా అని సంబరపడేముందు గేటు దగ్గర ఏం జరుగుతుందో చూడండి. మైగేట్ లాంటి యాప్ ఉన్నచోట వచ్చినవాళ్ళ పేరు, ఫోను నంబరు, ఏ ఫ్లాటుకి వచ్చారో నమోదవుతుంది. కొన్నిచోట్ల ఫోటో కూడా తీస్తారు. మీరు ఎంత దాచినా ఆ జాబితా అక్కడుంటుంది.

ఫోనులో మాట్లాడేటప్పుడు మొదటి ప్రశ్న “పక్కన ఎవరైనా ఉన్నారా?” అని. పీజీల్లో రెండు గదుల మధ్య చాలాచోట్ల ప్లైవుడ్డే. ఉన్నారంటే, అవును కాదు అని జవాబు చెప్పగలిగేలా మీరే ప్రశ్నలు వేయండి, లేదా మేడ మీదికి వెళ్ళి చేయమనండి.

5. నోట్సు: పేరు తీసేస్తే సరిపోదు

ఇలాంటి నోట్సు చాలాచోట్ల కనబడుతుంది:

“ప్రొద్దుటూరు అమ్మాయి, సివిల్ మూడో సంవత్సరం, యలహంకలో పీజీ, నాన్నది ఎరువుల కొట్టు. బాయ్‌ఫ్రెండ్‌తో గొడవ. రెండు సబ్జెక్టులు పోయాయి. ఇంట్లో తెలియదు.”

పేరు రాయలేదని రాసినవాళ్ళకు తృప్తి. ఒక కాలేజీలో సివిల్ మూడో సంవత్సరం చదివే ప్రొద్దుటూరు అమ్మాయిలు ఎంతమంది ఉంటారు? పైగా ఎరువుల కొట్టు. ఇదే నోట్సు ఇలా రాయొచ్చు:

“14. ఇంజనీరింగ్. రెండు సబ్జెక్టులు మిగిలాయి, ఇంట్లో చెప్పలేదు. పరీక్ష ఫీజు గడువు కనుక్కుని చెప్తామన్నాం. ఇంట్లో ఎలా చెప్పాలో వచ్చే వారం.”

బాయ్‌ఫ్రెండు ఏమయ్యాడు? అతని విషయంలో మీరు చేయాల్సిన పనేమీ లేదు, కాబట్టి కాగితం మీద అతనూ లేడు. మళ్ళీ ఆ అమ్మాయి వచ్చినప్పుడు మీరు చేయాల్సిన పనికి ఏది అవసరమో అంతే రాయాలి. 14 అంటే ఎవరో తెలిపే చీటీ వేరే చోట, వేరే మనిషి దగ్గర, తాళం కింద ఉండాలి.

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 చెప్పేదీ స్థూలంగా ఇదే: పనికి కావలసినంతే తీసుకోవాలి, పని అయిపోయాక తీసేయాలి. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి, అసలు బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. పద్దెనిమిది లోపు వాళ్ళ వివరాలు కంప్యూటర్లో పెట్టాలంటే తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది ఆ చట్టం. పదిహేడేళ్ళ పిల్లవాడి వివరాలు ఎక్సెల్ షీటులో ఎక్కించడానికి నేనైతే తొందరపడను.

6. ఫోను, వాట్సాప్, బ్యాంకు మెసేజీలు

పేరు సేవ్ చేసేటప్పుడు ‘ర్యాగింగ్ కేసు అనంతపురం’ అని పెట్టకండి. అది గూగుల్ అకౌంటులోకి చేరి మీ ఇంట్లో ల్యాప్‌టాప్‌లో, టాబ్‌లో కూడా కనబడుతుంది. మీరు స్నేహితులతో భోంచేస్తుండగా ఆ నంబరు నుంచి ఫోనొస్తే బల్ల మీద ఉన్న తెర మీద అందరూ చదువుతారు. 14 అని పెట్టుకోండి.

వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి చూడండి, ఎప్పుడో ప్రింట్ తీయడానికి వెళ్ళిన నెట్ సెంటరు కంప్యూటరు ఇంకా అక్కడ ఉండొచ్చు. వాళ్ళు పంపిన మార్కుల మెమో ఫోటో మీ గ్యాలరీలోకి, అక్కడి నుంచి గూగుల్ ఫోటోస్‌లోకి పోకుండా మీడియా సేవ్ కావడం ఆపేయండి. అపాయింట్‌మెంట్లకు గూగుల్ ఫారం వాడితే జవాబుల షీటు ‘లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు’ అని ఉందేమో తప్పకుండా చూడండి. వాలంటీర్ల గ్రూపులో కేసుల సంగతి రాయొద్దు; గ్రూపు డ్యూటీలు పంచుకోవడానికే.

వాలంటీర్లు మరిచిపోయే చోటు ఇంకొకటుంది. చాలామంది విద్యార్థుల బ్యాంకు అకౌంటుకి లింకైన నంబరు నాన్నదే. మీరు ఒక సైకాలజిస్టు దగ్గరికి పంపారు, వాడు ఫోన్‌పే చేశాడు, అయిదు సెకన్లలో గుత్తిలో నాన్న ఫోను మోగుతుంది. క్లినిక్ పేరు మెసేజీలో ఉన్నా ఉంటుంది. నాన్న కంపెనీ ఇన్సూరెన్సు వాడుకున్నా అంతే, క్లెయిము కాగితాలు ఆయన దగ్గరికే పోతాయి. కాబట్టి డబ్బుతో పనిపడే చోటికి పంపేముందు “మీ బ్యాంకు మెసేజీలు ఎవరి ఫోనుకి వెళ్తాయి?” అని అడగండి. నగదు కట్టొచ్చు, లేదా డబ్బు లేని దారి చూపించవచ్చు. మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వ ఫోను సేవ టెలి మానస్ 14416 ఇరవై నాలుగ్గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఆ సేవకు కేంద్ర స్థానం ఇక్కడి మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్సే.

7. అమ్మానాన్నలు వచ్చినప్పుడు

రాత్రి బస్సెక్కి, పొద్దున్నే ముఖం కూడా సరిగా కడుక్కోకుండా వచ్చి మీ గుమ్మంలో నిలబడతారు. చేతిలో సంచి, సంచిలో కొడుక్కి తెచ్చిన మురుకులు. ఇలాంటి తండ్రి ముందు నోరు మూసుకుని కూర్చోవడం చట్టాలు చదివినంత తేలిక కాదు. అందుకే ఏం చెప్పాలో ముందే అనుకుని ఉండాలి.

“సార్, మావాడు మీ దగ్గరికొచ్చినాడంట గదా. ఏం చెప్పినాడు?”

“ముందు కూర్చోండి సార్, నీళ్ళు తాగండి. ఇక్కడికి ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అన్నది మేం ఎవరికీ చెప్పం సార్.”

“అంటే వచ్చినాడనే గదా?”

“అసలు రాని పిల్లల గురించి అడిగినా ఇదే చెప్తాం సార్. నిన్న ఇంకొకరు అడిగినా ఇదే.”

“కన్నతండ్రికి చెప్పకపోతే ఇంకెవరికి చెప్తారయ్యా?”

“నేను చెప్పకూడదు గానీ వినకూడదని లేదు సార్. మీ దిగులేంటో చెప్పండి, వింటాను.”

ఈ జవాబుకి బలం ఎక్కడుందంటే, అందరికీ ఒకే మాట చెప్పడంలో ఉంది. రాని పిల్లల గురించి అడిగితే “లేదండీ, రాలేదు” అని చెప్పి, వచ్చిన పిల్లల గురించి అడిగినప్పుడు మాత్రమే “చెప్పకూడదండీ” అంటే, ఆ చెప్పకపోవడమే జవాబైపోతుంది. కాబట్టి రాలేదని తెలిసినా “రాలేదు” అనకండి. అబద్ధమూ ఆడకండి.

ఆయన చెప్పేది వినడం తప్పు కాదు. విని, ఎవరికైనా చెప్పగలిగే సలహాలే చెప్పండి. ఫలితాలు ఎక్కడ చూడాలి, ఫీజు బాకీ ఉంటే ఎవరిని కలవాలి, పిల్లవాడు ఫోనెత్తకపోతే ఎలాంటి మెసేజీ పెడితే ఎత్తవచ్చు. “మేమొచ్చామని మీరే చెప్పండి” అంటారు. అది కూడా ఒప్పుకోకూడదు, ఒప్పుకుంటే వచ్చాడని ఒప్పుకున్నట్టే. ఆయన ఫోనులోనే, ఆయన చేతే రాయించండి: “నాన్నా, బెంగళూరులోనే ఉన్నా. తిట్టను. అన్నం తిందాం రా.” కొన్నిసార్లు ఆ ఒక్క మెసేజీకే పని జరిగిపోతుంది.

వెళ్తూ వెళ్తూ “నేనొచ్చినట్టు వాడికి తెలియనియ్యొద్దండి” అంటారు కొందరు. “అలా మాట ఇవ్వలేను సార్, ఎవరికీ ఇవ్వం” అనాలి. ఆ తర్వాత ఆ విద్యార్థి వస్తే నాన్న వచ్చి వెళ్ళిన సంగతి చెప్పేయండి. పిల్లలు దాచుకోవడానికి మన దగ్గరికొస్తారు, మనమే వాళ్ళ దగ్గర దాస్తే ఎలా?

తల్లి వస్తే ఇంకా కష్టం. ఆమె ఏమీ అడగదు, ఏడుస్తుంది. మాట మారకూడదు, గొంతు మాత్రం మారొచ్చు.

8. కాలేజీ, పోలీసులు, పీజీ ఓనరు

పీజీ ఓనరుకి ఏమీ చెప్పక్కర్లేదు. ఆయన సాధారణంగా అద్దె కోసం అడుగుతాడు.

కాలేజీ నుంచి ఫోనొస్తే “రాతపూర్వకంగా పంపండి సార్, చూసి జవాబిస్తాం” అనండి. చాలావరకు అక్కడితో ఆగిపోతుంది. విద్యార్థి మేలు కోసమే కాలేజీకి కొంత చెప్పాల్సి వస్తే, ఉదాహరణకు హాజరు తక్కువైనందుకు మినహాయింపు కావాలంటే, విద్యార్థి దగ్గర సమ్మతి రాయించుకోండి. ‘నా వివరాలు ఇవ్వవచ్చు’ అని ఒక్క ముక్క రాస్తే పనికిరాదు. ఏ సంగతి, ఎవరికి, ఏ పని కోసం, ఎప్పటివరకు అన్న నాలుగూ ఉండాలి. “అనారోగ్యం వల్ల ఫలానా వారాల్లో క్లాసులకు రాలేదని హెచ్ఓడీకి మాత్రమే” అన్నంత కచ్చితంగా. అనారోగ్యం ఏమిటన్నది డాక్టరు సర్టిఫికెట్టు చూసుకుంటుంది. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలరు ఉండాలి. అక్కడికి పంపేటప్పుడు కూడా ముందుగా మీరు ఫోను చేసి కథంతా చెప్పేయొద్దు. విద్యార్థి చేతనే అపాయింట్‌మెంటు తీయించండి.

పోలీసులు వస్తే గౌరవంగా కూర్చోబెట్టి, ఏ స్టేషను, ఏ కేసు, ఏ సెక్షను కింద అడుగుతున్నారో రాసుకోండి. కాగితాలు కావాలంటే భారతీయ నాగరిక సురక్షా సంహితలో (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చింది) 94వ సెక్షను కింద నోటీసిస్తారు. నోటీసు చూపించమనడం ఎదిరించడం కాదు. రిజిస్టరు మొత్తం ఎత్తి ఇచ్చేయకండి, అడిగిన మనిషికి సంబంధించినదే చూపాలి. లాయరు లేకపోతే ఉచిత న్యాయ సహాయానికి 15100కి చేయండి. ఎట్టి పరిస్థితుల్లోనూ నోటీసు వచ్చాక కాగితాలు చింపకండి, అది ఇంకో నేరమవుతుంది.

లైంగిక వేధింపు ఫిర్యాదుల్లో ఇంకా జాగ్రత్త. పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపుల చట్టం, 2013లో 16వ సెక్షను ఫిర్యాదు వివరాలు, పేర్లు, చిరునామాలు బయటపెట్టకూడదంటుంది. ఫిర్యాదు చేసిన అమ్మాయివే కాదు, ఎవరిమీద చేసిందో అతనివి కూడా. అత్యాచారం లాంటి కేసుల్లో బాధితురాలు ఎవరో తెలిసేలా ప్రచురిస్తే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) 72వ సెక్షను కింద రెండేళ్ళ వరకు జైలు. ‘మన తెలుగమ్మాయికి న్యాయం’ అని పోస్టరు చేసి స్టేటస్‌లో పెట్టేవాళ్ళకు ఈ సెక్షను ఒకసారి చదివి వినిపించండి. కాలేజీ అంతర్గత కమిటీకి ఫిర్యాదు ఇవ్వడానికి మామూలుగా మూడు నెలల గడువుంటుందని ఆ అమ్మాయికి చెప్పడం మాత్రం మరువకండి. ర్యాగింగయితే యూజీసీ నంబరు 1800-180-5522కి నేరుగా చేసుకోవచ్చు.

9. చెప్పక తప్పనప్పుడు కొంచెమే చెప్పండి

“చచ్చిపోవాలనుంది” అన్న ప్రతిసారీ ఇంటికి ఫోను చేయాల్సిన పనిలేదు. ఎలా చేసుకోవాలనుకుంటున్నావు, ఎప్పుడు, అందుకు కావలసినవి దగ్గర పెట్టుకున్నావా అని సూటిగా అడగండి. అడిగితే ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడొద్దు. ఉపాయం, సమయం, సాధనం సిద్ధంగా ఉంటే ఇక రహస్యం లేదు. ఒంటరిగా వదలకండి.

అప్పుడు కూడా “ఎవరికి చెప్తే నీకు నయం? నాన్నకా, అక్కకా?” అని వాళ్ళనే అడగండి. చాలామంది ఒక పేరు చెప్తారు. వార్డెనుకి చెప్పాల్సి వస్తే, “పై అంతస్తులో ఫలానా అబ్బాయి ఒంటరిగా ఉండకూడదు, ఇప్పుడే వెళ్ళి పక్కన కూర్చోండి, మేం దారిలో ఉన్నాం” అంటే చాలు. సబ్జెక్టులు పోయిన సంగతి, అమ్మాయి సంగతి వార్డెనుకి అక్కర్లేదు. ఆస్పత్రిలో డాక్టరుకి మాత్రం తెలిసిందంతా చెప్పండి. అక్కడ చెప్పిన దానికి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో 23వ సెక్షను కాపు కాస్తుంది.

పోలీసు కేసవుతుందేమోనని స్నేహితులు ఆస్పత్రికి తీసుకెళ్ళకుండా రూములోనే నిమ్మరసం తాగించడం ఇప్పటికీ జరుగుతోంది. అదే చట్టంలో 115వ సెక్షను ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్ళు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలని, శిక్షించకూడదని చెప్తుంది. ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరంగా చూసిన ఐపీసీ పాత 309వ సెక్షను 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన న్యాయ సంహితలో లేదు. ఈ ముక్క పీజీ కుర్రాళ్ళందరికీ తెలియాలి. 112కి ఫోను చేయడానికి భయపడొద్దు.

ఆ రాత్రికి ఎవరికి, ఎన్ని గంటలకు, ఏం చెప్పారో, ఎందుకు చెప్పారో నాలుగు వాక్యాలు రాసి పెట్టుకోండి.

10. వాలంటీర్లు మారినప్పుడు, ఏదైనా పొక్కినప్పుడు

చదువైపోయి వెళ్ళిపోయే వాలంటీరును ఆ వారమే గ్రూపులోంచి, డ్రైవ్‌లోంచి తీసేయండి. పార్టీ ఇచ్చి పంపుతారు గానీ యాక్సెస్ తీయడం మరిచిపోతారు. సెమిస్టరు చివర పని ముగిసిన నోట్సు ముక్కలు చేసేయండి. పాత పేపర్లతో కలిపి తూకానికి వేయకండి.

వాలంటీర్లకు కూడా కడుపులో పెట్టుకోలేని బరువు ఉంటుంది. నెలకొకసారి ఒక అనుభవజ్ఞుడైన కౌన్సెలరుతో కూర్చోబెట్టి, ఊరు, కోర్సు, అవసరమైతే ఆడా మగా కూడా మార్చి చెప్పుకోనివ్వండి. అలా కాకపోతే రూమ్మేటుతో చెప్పుకుంటారు.

ఇంత చేసినా ఒక్కోసారి సంగతి బయటికి పోతుంది. అప్పుడు ఎవరి వల్ల అన్న పంచాయితీ తర్వాత పెట్టుకోవచ్చు. ముందు ఆ రోజే విద్యార్థికి మీరే ఫోను చేయండి, ఇంకొకరి నోట వినే లోపు. ఏది పోయింది, ఎవరిదాకా పోయింది, ఏం చేశారు అని ఉన్నదున్నట్టు చెప్పండి. “పెద్ద విషయమేం కాదులే” అనకండి. పెద్దదో చిన్నదో చెప్పాల్సింది వాళ్ళు. ఇకమీదట మీ దగ్గరికే వస్తారా, వేరే చోటు చూపించాలా, మీ దగ్గరున్న నోట్సు ఉంచాలా తీసేయాలా అన్నది కూడా ఆ ఫోనులోనే వాళ్ళనే అడగండి.